గేటు దాటిన శ్రోతలు

సావనీరుకు వ్యాసం కావాలని సంఘం కార్యదర్శి నా గదికి మూడుసార్లు వచ్చాడు. మూడోసారి వచ్చినప్పుడు, "ఏదో ఒకటి రాయి గురూ, నిరుటి కార్యక్రమాల మీదైనా సరే" అన్నాడు. నిరుటి కార్యక్రమాల మీదే రాస్తున్నాను. అయితే ముందుగా మాస్కో దాకా వెళ్ళి రావాలి. దారి కాస్త చుట్టు. పాఠక మిత్రులు ఓపిక పట్టవలసిందిగా మనవి.

1986 ఏప్రిల్ 20, ఆదివారం, సాయంత్రం నాలుగు గంటలు. మాస్కో కన్సర్వేటరీ, అంటే అక్కడి సంగీత కళాశాల. దాని పెద్ద హాలులో గోడల మీద వరసగా సంగీతకర్తల చిత్రపటాలు, వేదిక వెనక ఆర్గాన్ గొట్టాలు, వేదిక మీద నల్లటి పియానో ఒక్కటే. పక్క వాద్యం లేదు, తాళం వేసేవాడు లేడు, గాయకుడు లేడు. 82 ఏళ్ళ ముసలాయన ఒకడు నవ్వుకుంటూ వచ్చి, సభకు నమస్కరించి, బల్ల మీద కూర్చున్నాడు. ఆయన పేరు వ్లదీమిర్ హోరోవిట్స్.

ఒక్క మనిషి, ఒక్క పియానో, ఒక సాయంకాలం అనే పద్ధతి అనాదిగా ఉన్నదేమీ కాదు. పందొమ్మిదో శతాబ్దపు తొలినాళ్ళలో యూరప్‌లో కచేరీ అంటే అదొక కలగూరగంప. ఇద్దరు పాడితే ఒకరు వయొలిన్ వాయించేవారు, మధ్యలో పియానో. ఫ్రాంజ్ లిస్ట్ అనే హంగేరీ విద్వాంసుడు ఆ గుంపునంతా పక్కకు నెట్టి తానొక్కడే వేదికెక్కాడు. 1840లో లండన్ సభకు 'రిసైటల్' అని పేరు పెట్టాడు. పద్యం చదివినట్టు పియానోను ఎలా 'చదువుతాడు' అని జనం విస్తుపోయారట. ఆ మాటే ఇవాళ ప్రపంచమంతా చెల్లుబాటవుతోంది.

హోరోవిట్స్ 1903లో కీవ్‌లో పుట్టాడు. అప్పుడది రష్యా సామ్రాజ్యంలో ఉండేది. 1925లో, జర్మనీలో పై చదువులని చెప్పి దేశం దాటాడు. 1928 జనవరిలో న్యూయార్కు కార్నెగీ హాలులో చైకోవ్‌స్కీ రచన వాయించి అమెరికాను ఒక ఊపు ఊపాడు. వెనక ఉండిపోయిన తండ్రి స్టాలిన్ కాలంలో నిర్బంధ శిబిరంలో కన్నుమూశాడు. కొడుకు 61 ఏళ్ళ పాటు ఆ నేల తొక్కలేదు. 1985 నవంబరులో అమెరికా, సోవియట్ నాయకులు జెనీవాలో కలుసుకుని సాంస్కృతిక సంబంధాలకు ఒప్పందం చేసుకున్నారు. ఆ తలుపు సందున ఈ ముసలాయన స్వదేశానికి వచ్చాడు. కచేరీకి అయిదు రోజుల ముందే అమెరికా విమానాలు లిబియా మీద బాంబులు వేశాయి. అయినా కచేరీ ఆగలేదు. తన ఇంట్లోని స్టెయిన్‌వే పియానోనే న్యూయార్కు నుంచి విమానంలో తెప్పించుకున్నాడు. దానికి శ్రుతి చేసే మనిషి కూడా వెంట వచ్చాడు. (మన వైణికులు రైల్లో వీణను పసిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని ప్రయాణం చేయడం చూసిన వారికి ఇది వింతగా తోచదు.) 61 ఏళ్ళ కిందట తొమ్మిదేళ్ళ పిల్లగా చూసిన మేనకోడల్ని ఇప్పుడు ముసలమ్మగా చూశాడు.

ఇంతకీ నాకు కావలసింది ఆయన జీవితచరిత్ర కాదు. ఆ రోజు హాలు గేటు దగ్గర జరిగిన సంగతి.

ఆ హాలులో సీట్లు పద్ధెనిమిది వందలకు కొంచెం తక్కువ. వాటిలో బహిరంగంగా అమ్మినవి కొద్ది వందలు మాత్రమే. తక్కినవన్నీ అధికారులకు, రాయబార కార్యాలయాల వారికి, ఆహ్వానితులకు వెళ్ళిపోయాయి. పెద్దగా ప్రచారమూ లేదు. అయినా ఊరంతటికీ తెలిసిపోయింది. ఆదివారం మధ్యాహ్నానికి బయట జనం, వాళ్ళలో విద్యార్థులే ఎక్కువ. పోలీసులు అడ్డంగా నిలబడ్డారు. ఒక పెద్దమనిషి కారు లోపలికి పోవడానికి గేటు తెరిచారు. అంతే! కారు వెనకాలే విద్యార్థులు వందల సంఖ్యలో లోపలికి దూసుకుపోయారు. కొందరు కింద పడ్డారు, కొందరు దొరికిపోయారు. తప్పించుకున్నవాళ్ళు మెట్లెక్కి పై బాల్కనీకి పరుగెత్తారు. ఆ తర్వాత రెండు గంటలూ గోడలకు ఆనుకుని, నడవల్లో నిలబడి విన్నారు.

ఆ కచేరీని చిత్రీకరించారు. మా హాస్టలు కామన్ రూములో ఒక శనివారం రాత్రి నేనూ, మరో ముగ్గురమూ కూర్చుని చూశాం. ఆ ముగ్గురిలో ఒకడు ఎమ్మే మొదటి సంవత్సరం కుర్రాడు. వాడి తండ్రి ఒక పల్లెలో గుడి సన్నాయి విద్వాంసుడు. ఈ కుర్రాణ్ణి గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాడు.

నిజం చెప్పొద్దూ, నాకు పియానో అంటే మొదట్లో గౌరవమే తప్ప ప్రేమ లేదు. భౌతికశాస్త్రం చదివేవాణ్ణి కనుక దాని యంత్రాంగం తెలుసు. 88 మీటలు, రెండు వందల పైచిలుకు తీగలు, వాటి బిగింపును మోయడానికి లోపల పోత ఇనుప చట్రం. మీట నొక్కితే ఉన్ని సుత్తి ఒకటి లేచి తీగను కొట్టి వెనక్కి పడిపోతుంది. కొట్టిన తర్వాత ఆ స్వరం మీద వాయించేవాడికి ఏ అధికారమూ లేదు. అది పెరగదు, వంగదు, ఊగదు. పుట్టిన క్షణం నుంచీ చచ్చిపోతూ ఉంటుంది. వీణలో తీగను పక్కకు లాగి స్వరాన్ని స్వరంలోకి జార్చవచ్చు. పియానోలో గమకం లేదు. గమకం లేని సంగీతమేమిటి, మేకులు కొట్టినట్టు, అనుకునేవాణ్ణి. ఇంటర్లో ఉండగా ఒక వక్తృత్వ పోటీలో ఈ మాటే బల్లగుద్ది చెప్పి బహుమతి కూడా కొట్టేశాను.

స్కార్లట్టి చిన్న రచనలు మూడింటితో మొదలుపెట్టాడు హోరోవిట్స్. తర్వాత మోజార్ట్ సొనాటా ఒకటి, అందులో పెద్ద ఆర్భాటమేమీ లేదు. మేమందరం ఈయన 'ఉరుములు పిడుగుల' విద్వాంసుడని విని కూర్చున్నాం. ఉరుములు తర్వాత వచ్చాయి, స్క్రియాబిన్‌లోనూ, షోపాన్ పొలొనేజ్‌లోనూ. అన్నట్టు స్క్రియాబిన్ ముందు ఈయన చిన్నప్పుడు వాయించి వినిపించాడు. ఈ ప్రయాణంలో ఆయన ఇంటికి వెళ్ళి ఆయన పియానో మీదా వాయించాడు. కానీ మోజార్ట్ దగ్గరే మా సన్నాయి కుర్రాడు నా మోచేతిని పొడిచి, "అన్నా, ఈయన కొట్టట్లేదు, ఊదుతున్నాడు" అన్నాడు.

నేను చదివిన భౌతికశాస్త్రం మొత్తం ఆ ఒక్క మాటతో తలకిందులైంది. వాడు చెప్పింది యంత్రం లెక్కన తప్పు, చెవి లెక్కన ఒప్పు. మళ్ళీ పెట్టి చూశాను. వేళ్ళు దాదాపు బల్లపరుపుగా, మీటల్ని నిమురుతున్నట్టు ఉంటాయి. సుత్తి ఎంత వేగంతో తీగను తాకుతుందన్నదొక్కటే ఆయన చేతిలో ఉన్న సంగతి. ఆ ఒక్కదాన్నే వంద రకాలుగా తూచి వాడుతున్నాడు. ఒక స్వరం చచ్చిపోయే చోటును కనిపెట్టి, సరిగ్గా ఆ మోతాదుకే తర్వాతి స్వరాన్ని అందిస్తున్నాడు. చెవి ఆ రెంటి మధ్యా తనే గమకం వేసుకుంటుంది. అంటే వినేవాడు కూడా వాయిస్తున్నాడన్నమాట. ఆ రోజు హాలులో ఎవరున్నారన్నది నాకు అంత ముఖ్యంగా తోచింది ఇందుకే.

విరామం తర్వాత లిస్ట్, షోపాన్ అయ్యాయి. జనం లేవలేదు. అప్పుడు షూమన్ 1838లో రాసిన చిన్న రచన ఒకటి ఎత్తుకున్నాడు. పెద్దవాళ్ళు బాల్యాన్ని తలుచుకుంటున్నట్టు రాసిన చిన్న రచనల గుచ్ఛంలోది. స్వప్నం అని అర్థం వచ్చే జర్మన్ పేరు దానిది. కొన్నేళ్ళు నేర్చుకున్న పిల్లలెవరైనా వాయించగలరు. మూడు నిమిషాలు కూడా ఉండదు. అన్నేళ్ళ తర్వాత ఇల్లు చేరినవాడు అది వాయిస్తుంటే హాలులో ఎవరూ కదలలేదు. కెమెరా ఒకాయన ముఖం మీద ఆగింది. కదలకుండా కూర్చుని ఉన్నాడు, చెంప మీదుగా కన్నీటి చుక్క ఒకటి దిగుతోంది. ఆయన టిక్కెట్టు కొని వచ్చాడో, ఎవరైనా కార్డు పంపితే వచ్చాడో నాకు తెలియదు. ఆహ్వానితులందరూ మొద్దులనీ, నిలబడ్డవాళ్ళందరూ రసికులనీ నేననడం లేదు. ఆ మాట అంటే ఆ కన్నీటి చుక్క నన్ను క్షమించదు.

అయితే బాల్కనీలో నిలబడ్డవాళ్ళు ఎందుకొచ్చారన్న విషయంలో మాత్రం సందేహానికి తావు లేదు.

ఇక నిరుటి సంగతి. మన వార్షికోత్సవాల రెండో రోజు సాయంత్రం వీణ కచేరీ పెట్టాం. వచ్చిన విద్వాంసుడు పెద్దవాడు. పేరు రాయను, ఆయనకు జరిగినదానిలో ఆయన పేరు కలపడం నాకిష్టం లేదు. ముందు వరసలు మూడు, మొదటిదానికి సోఫాలు, తక్కిన రెంటికీ గుడ్డ తొడిగిన కుర్చీలు. వాటికి గులాబీరంగు కార్డులు అచ్చు వేయించాం. వెనక వరసలు కూడా చాలావరకు కార్డులకే పోయాయి. చందాదార్లకు, చందాదార్ల బంధువులకు, అచ్చాఫీసు వారికి, షామియానా వారికి. విద్యార్థులకు మిగిలినవి చిట్టచివరి నాలుగు బెంచీలు. ఆరుంబావుకే అవి నిండిపోయాయి. నేను వాలంటీర్ని. చొక్కాకు బాడ్జీ, చేతిలో టార్చిలైటు, బుర్రలో ఒకే ఒక్క ఆజ్ఞ, కార్డు లేనిదే ఎవర్నీ వదలొద్దని.

ఆరున్నరకు ఆ సన్నాయి కుర్రాడు వచ్చాడు. అప్పటికి వాడితో నాకు పరిచయం అంతంత మాత్రం.

"కార్డుందా?" అన్నాను.

"లేదన్నా. తలుపు దగ్గర నిలబడతా. కూర్చోను."

"వీల్లేదు."

"పోనీ, చెప్పులు బయటే వదిలి కింద కూర్చుంటానన్నా."

"ఒకసారి చెప్తే అర్థం కాదా?"

ఆ మాట అన్నది నేనే. ఎవరో అనిపించలేదు. బాడ్జీ మహిమ అని సర్దుకోవచ్చు గాని, నోరు నాదే.

వాడు మారు మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. లోపల కచేరీ మొదలైంది. తొమ్మిదింటికి ముగిసేదాకా రెండో వరసా, మూడో వరసా సగానికి సగం ఖాళీ. సోఫాల్లో నలుగురు. విద్వాంసుడు కల్యాణి ఆలాపన ఎత్తుకుని మెల్లగా మెట్టుమెట్టే ఎక్కి, పై షడ్జం అందుకోబోతున్న సమయానికి, ఏడూ నలభైకి, ముఖ్య అతిథి వేంచేశారు. మేం చప్పట్లు కొట్టాం. మైకు తీసుకుని స్వాగతం పలికాం. విద్వాంసుడు వీణ మీద చేతులు పెట్టుకుని కూర్చుని నవ్వాడు. అతిథికి దండ, విద్వాంసుడికి దండ, నాలుగు మాటలు, ఫోటో. ఆ తర్వాత ఆలాపన మళ్ళీ మొదటి మెట్టు దగ్గర్నుంచి. అతిథి మరో పదిహేను నిమిషాలుండి, వేరే కార్యక్రమం ఉందని లేచారు. ఆయనతోపాటు సోఫాలూ లేచాయి.

మర్నాడు పొద్దున మెస్సులో ఉప్మా ప్లేటుతో ఆ కుర్రాడే నా ఎదురుగా కూర్చున్నాడు. కోపంగా లేడు. అసలు నన్ను గుర్తుపట్టాడో లేదో అనుకున్నాను. గుర్తుపట్టాడు.

"అన్నా, సైకిల్ స్టాండు పక్క కిటికీ ఉంది చూడండి, అక్కణ్ణుంచి విన్నాను. బాగా వినపడింది. ఒక్కటే అర్థం కాలేదు. ఆలాపన మధ్యలో చప్పట్లెందుకు కొట్టారన్నా?"

ఏం చెప్పను? ఎవరో వచ్చారని చెప్పాను. "ఓహో" అన్నాడు. ఆ తర్వాత, ఆలాపన రెండోసారి ఎత్తుకున్నప్పుడు విద్వాంసుడు మొదటిసారి వెళ్ళిన దారిన వెళ్ళలేదనీ, పై షడ్జం జోలికే పోకుండా పంచమం దగ్గరే చాలాసేపు తిరిగి ముగించేశాడనీ చెప్పాడు. లోపల టార్చిలైటుతో నిలబడ్డ నాకు ఆ సంగతి తెలియలేదు. సోఫాల్లోని నలుగురికి తెలిసిందా అంటే అనుమానమే. సైకిల్ స్టాండు దగ్గర దోమల్లో నిలబడ్డవాడికి తెలిసింది.

ఈ కథ క్యాంటీనులో చెబితే మా మాస్టారొకరు, నా మీద అభిమానం ఉన్నవారే, "ఏమిటోయ్, అయితే గేట్లు విరగ్గొట్టమంటావా? తొక్కిసలాట జరిగి నలుగురు చస్తే నీ పియానో బతికిస్తుందా?" అన్నారు. సబబైన ప్రశ్న. మాస్కోలో కూడా కొందరు కింద పడ్డారు, అదృష్టం కొద్దీ అంతటితో పోయింది. గేటు దూకడం గొప్ప అని నేననను. గేటు దూకవలసిన అవసరం తెచ్చిపెట్టినవాళ్ళ లెక్క తప్పని మాత్రమే అంటున్నాను. పైగా ఆ మాస్కో వాళ్ళే ఒక మంచి పని కూడా చేశారు. ఆదివారం కచేరీకి ముందు శుక్రవారం నాడు హోరోవిట్స్ అభ్యాసానికి కూర్చుంటే, దానికి కన్సర్వేటరీ విద్యార్థుల్ని రానిచ్చారు. ఈ రెండో సంగతి మనకు మరీ పనికొస్తుంది. విద్వాంసుడు ఎలాగూ ఉదయం బండికే దిగుతాడు. సాయంత్రం దాకా గెస్ట్‌హౌసులో ఫ్యాను కింద కూర్చోబెట్టే బదులు, ఆయనకు అభ్యంతరం లేకపోతే, ఓ గంటసేపు ఇష్టమున్న పాతికమందిని ఆయన దగ్గర నేల మీద కూర్చోనివ్వవచ్చు కదా? కార్డులక్కర్లేదు, దండలక్కర్లేదు. ఖర్చు కాఫీ వరకే.

మరికొందరి వాదన ఇంకొకటి. "కుర్రాళ్ళు శాస్త్రీయ సంగీతానికి రారయ్యా. సినిమా పాటలకైతే హాలు చాలదు, వీణకైతే ఈగలు తోలుకోవాలి. అందుకే పెద్దల్ని పిలిచి నింపుతాం." ఇందులో కొంత నిజముంది. మా హాస్టలు మొత్తం ఆ సాయంత్రం వీణ కోసం తపించిపోయిందని చెబితే అబద్ధమే అవుతుంది. కానీ మిత్రులారా, నాలుగు బెంచీలు ఆరుంబావుకే నిండాయని నేను కళ్ళారా చూశాను. వెనక్కి పంపింది ఒక్కణ్ణి కాదు, ముప్ఫైమందికి తక్కువ లేరు. ఈ సీటు నీది కాదని ఏటా చెబుతూ పోతే, నాలుగో ఏటికి ఎవడూ అడగడానికి కూడా రాడు. అప్పుడు చూశారా, కుర్రాళ్ళకు అభిరుచి లేదని రుజువు చూపిస్తాం.

విద్వాంసుడి వైపు నుంచి కూడా ఒక మాట. పెద్ద పేరున్నవాడికి ఎవరు విన్నా ఒకటేననీ, వేళ్ళు తమ పని తాము చేసుకుపోతాయనీ మనకో అపోహ. హోరోవిట్స్ జీవితం చూస్తే అలా లేదు. ప్రపంచమంతా నెత్తిన పెట్టుకున్న ఆ మనిషి వేదికంటే భయపడి, 1953 నుంచి పన్నెండేళ్ళు జనం ముందుకు రాలేదు. 1965 మే 9న తిరిగి వచ్చినప్పుడు టిక్కెట్ల కోసం జనం రాత్రంతా వీధిలో కాచుకున్నారు. ఆ రోజు మొదలెడుతూనే తప్పు స్వరాలు పడ్డాయి, అయినా సభ ఆయన్ని నిలబెట్టింది. 1983లో టోక్యోలో మందుల మత్తులో వాయించి అభాసుపాలయ్యాడు. అక్కడి విమర్శకుడొకాయన ఆయన్ని బీటలువారిన పాత కళాఖండంతో పోల్చాడు. మూడేళ్ళ తర్వాతే ఈ మాస్కో కచేరీ. అదే వేళ్ళు, ఇంకా ముసలివైన వేళ్ళు. వినేవాళ్ళు ఎలాంటివాళ్ళన్నది వాయించేవాడి చేతుల్లోకి దిగుతుందని నేను నమ్ముతాను. మన వైణికుడు రెండోసారి పై షడ్జం దాకా ఎందుకు వెళ్ళలేదో నాకు తెలుసు, మీకూ తెలుసు.

మాస్కో తర్వాత వారానికి, ఏప్రిల్ 27న, ఆయన లెనిన్‌గ్రాడ్‌లో వాయించాడు. అంతకు ముందు రోజే, ఆయన పుట్టిన కీవ్‌కు ఉత్తరాన చెర్నోబిల్‌లో అణు రియాక్టరు పేలింది. ఆ సంగతి అప్పటికి లోకానికి పొక్కనే లేదు. మూడేళ్ళకు, 1989 నవంబరు 5న, న్యూయార్కులో కన్నుమూశాడు.

ఇక నా మనవి. రాబోయే కార్యవర్గం వారు ఈ నాలుగు ముక్కలు మినిట్స్ పుస్తకంలో రాసుకుంటే సంతోషిస్తాను. కార్డుల వరస ఒకటి చాలు. చందా ఇచ్చినవారిని అవమానించమని నేననను, వారు లేకపోతే కచేరీయే లేదు. అయితే కచేరీ మొదలయ్యే గంటకు రానివారి కార్డు ఆ గంటకే చెల్లిపోవాలి, ఆ కుర్చీలో నిలబడ్డవాడు కూర్చోవాలి. దండలు, ఉపన్యాసాలు మొదట్లోనో చివర్లోనో పెట్టుకోవాలి. వాయిస్తుండగా వచ్చింది ఎవరైనా సరే, వాలంటీరు వేలు నోటి మీద పెట్టి తలుపు దగ్గరే ఆపాలి. నన్ను అడిగితే ఈ ఆఖరిది అన్నిటికన్నా కష్టం. ఆ వేలు పెట్టే ధైర్యం నాకుంటుందో లేదో చెప్పలేను.

కార్యదర్శికి ఇదంతా చదివి వినిపించాను. "బాగానే ఉంది గానీ, ముఖ్య అతిథి పేరా తీసేయరాదూ?" అన్నాడు. తీయనన్నాను. కాసేపు గొణిగి ఒప్పుకున్నాడు. ఈసారి గేటు దగ్గర డ్యూటీ ఆ సన్నాయి కుర్రాడికి ఇస్తే బాగుంటుందని నేను సలహా చెప్పాను, ఎవరు విననొచ్చారో వాడు ముఖం చూసి చెప్పగలడు కనుక. కార్యదర్శి సరేనని వాణ్ణి పిలిపించాడు. బాడ్జీ ఇస్తామన్నాం, టార్చిలైటు ఇస్తామన్నాం.

"వద్దన్నా" అన్నాడు వాడు. "నేను లోపల కూర్చోవాలి."